గర్భిణికి తగిన పాదరక్షలు
(గ్రామ మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంట కోడలు నీళ్ళు పోసికొన్నదని తెలిసినంతనే ఏమి తినవలెనో, ఏమి తినరాదో పెద్దలు పదేపదే చెప్పుదురు. ఆమె కాళ్ళకు మంచి చెప్పులున్నవా యని విచారించువారు అరుదు. “ఇంటిపట్టున ఉండే పిల్లకు చెప్పులెందుకు?” అనువారును కలరు. కాని పెరటికి, పశువుల కొట్టమునకు, కుళాయి కడకు, పొలమునకు ఆమె నడువక తప్పదు గదా!

మొదటి ప్రమాదము నేలలోనే కలదు. మలముచే చెడిన తేమ నేలలో కొంకిపురుగు పిల్లలుండును. కంటికి కానరాని ఈ పురుగులు వట్టి పాదముల చర్మమును తొలుచుకొని దేహములో ప్రవేశించి, చిన్న ప్రేవులలో చేరి రక్తమును పీల్చును. తల్లికి రక్తము తగ్గినచో బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చును. కాన్పువేళ రక్తస్రావము ఆమె ప్రాణముమీదికి తేవచ్చును. ఈ పురుగునకు చెప్పులు అడ్డుకట్ట. అయినను నాలుగవ నెల మొదలు 180 దినములు దినమునకొకటి చొప్పున వాడవలసిన ఇనుము మాత్రలను మానరాదు. పురుగుల మందును మాత్రము వైద్యులు చెప్పిన నెలలోనే వాడవలెను.

రెండవది, జారిపడు భయము. నెలలు నిండుకొలది బరువు ముందునకు వచ్చును. కీళ్ళను పట్టియుంచు కట్లు సడలును. పాదపు వంపు అణగి, పాదము కొంత సాగి వెడల్పగును. సాయంకాలమునకు నీరు పట్టి ఉబ్బును. అందుచే పాత చెప్పులు ఇరుకై నొప్పించును.

మనలో పుల్లతో పాదమును కొలిచి సంతకు కొనిపోవు అలవాటున్నది. ఆ పుల్ల పొడవునే చెప్పును గాని వెడల్పును చెప్పదు. వీలైనచో ఆమెనే వెంటబెట్టుకొని పొండు. కానిచో సాయంకాలమున ఆమెను నిలువబెట్టి, రెండు పాదముల చుట్టును కాగితముపై గీత గీసికొని, పెద్ద పాదమునకు సరిపడునవి కొనుడు. వ్రేళ్ళ ముందు అర అంగుళము చోటుండవలెను. మడమ వెడల్పుగా, అంగుళము లోపు ఎత్తుండుట మేలు. అడుగున గాడులుండవలెను. అరిగి నునుపెక్కిన రబ్బరు చెప్పులు తడి బండలపై జారును, వానిని పారవేయుడు. వెనుక పట్టీ యున్న చెప్పులు కాలిని వీడవు. వంగలేని నెలలలో ఆ పట్టీని భర్త పెట్టినచో సిగ్గుపడవలసిన పనిలేదు.

ఒక హెచ్చరిక. పాదములు కొద్దిగా వాచుట సామాన్యమే. కాని ముఖము, చేతులు హఠాత్తుగా వాచినను, తీవ్రమైన తలనొప్పి వచ్చినను, చూపు మసకబారినను, ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపెట్టినను చెప్పులు మార్చి ఊరకుండరాదు. అవి రక్తపు పోటు లక్షణములో, రక్తనాళములో గడ్డ కట్టిన గుర్తులో కావచ్చును. వెంటనే 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్చుడు.

పుట్టబోవు బిడ్డకు వెండి మువ్వలు చేయింతురు, సంతోషమే. అంతకు ముందు ఆ బిడ్డను మోయుచున్న కాళ్ళకు ఒక మంచి జత కొనవలసినదిగా కోరుచున్నాను.