నల్లరేగడిపై నీటి నడక



నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అని మనవారి సామెత. రెండవ సగమును పెద్దలకు విడిచిపెట్టి, మొదటి సగమును గూర్చి మాత్రము ఈనాడు మీతో ముచ్చటింపదలచినాను. నీరు పల్లమెరుగును, నిజమే. కాని గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి, మిరప భూములలో నీరు పల్లమునకు చేరులోపల దానిని దారిలో ఆపువారు, మళ్లించువారు, తోడుకొనువారు ఎందరో కలరు. పల్లమున నున్న రైతు ఎదురుచూచుచునే యుండును. ఈ వింత యేమో కొంచెము విచారింతము. 2022లో జిల్లాలను పునర్విభజించిన పిదప ఈ సీమలో పల్నాడు, బాపట్ల వంటి క్రొత్త పేర్లు వచ్చినవి. కాలువకు జిల్లా సరిహద్దులతో పనిలేదు గనుక నేను పాత పేర్లతోనే మాటలాడుదును.

మొదట నేల సంగతి. ఈ సీమలో అధికభాగము నల్లరేగడి. వేసవిలో ఈ నేల పగుళ్లు విచ్చి, గొడ్డు కాలు పెట్టిన ఇరుక్కొనునట్లుండును. తొలకరి వాన ఆ పగుళ్లలో పడి గడగడ త్రాగినట్లు లోనికి దిగిపోవును. అంతట రేగడిలోని సన్నని బంకమన్ను నీరు పీల్చి ఉబ్బును, పగుళ్లు మూసికొనును. ఆ తరువాత పడిన నీరు లోనికి ఇంకుట మిక్కిలి మెల్లగా జరుగును. దాహము తీరిన నేల నోరు మూసికొన్నదన్న మాట. ఇక ఎంత కురిసినను పైపైన నిలిచియుండును, లేదా వాగు దారి పట్టును. కాని ఒకసారి లోనికి చేరిన తేమను రేగడి అంత తేలికగా వదలదు. పూర్వము ఏ కాలువయు లేనినాడు ఈ సీమవారు ప్రత్తి పండించినారన్న, అది ఈ నేల దాచిన తేమ చలవయే.

మిరప అట్లు కాదు. దానికి తడి కావలెను గాని నీరు నిలువరాదు. ఒకటి రెండు దినములు వేళ్ల చుట్టు నీరు నిలిచినచో మొక్క వడలి, వేరు కుళ్లి చచ్చును. నీరు అందకున్న పూత రాలును. కోతలు మొదలిడి కాయలు కల్లములో ఆరుచుండగా ఆకాశమునుండి ఒక్క జల్లు పడెనా, కాయ తాలు పడి ధర పడిపోవును. అనగా మిరప రైతునకు నీరు కావలసిన దినములు కొన్ని, వలదనుకొను దినములు కొన్ని. ఇటువంటి పైరునకు వానను నమ్ముకొనుట కష్టము. సాలుకు 30 నుండి 35 అంగుళముల వాన ఈ సీమలో సగటున పడును. అది తక్కువేమియు కాదు. కాని పడవలసిన వారములో పడదు.

ఇక నది. కృష్ణ గుంటూరు జిల్లాకు ఉత్తరపు హద్దుగా, తూర్పు హద్దుగా ప్రవహించుచున్నను, నూరేండ్లకు పైగా మెట్టరైతు దానిని కన్నులతో చూచుటయే గాని పొలమున ఎరుగడు. 1833 ప్రాంతపు నందన కరువును చరిత్రకారులు గుంటూరు కరువు అనియే పేర్కొందురు. ఆనాటి గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనములో రెండు లక్షలవరకు నశించిరని లెక్కలు కలవు. ప్రక్కన నది పారుచుండగా ఇంతమంది ఏల చచ్చిరన్న, నది నీరు పొలము కంటె పల్లమున నుండుటవలననే. నీరు పల్లమెరుగును గాని మిట్ట నెరుగదు. మిట్ట నెక్కింపవలెనన్న మానవుడు అడ్డుకట్ట కట్టి నీటిమట్టమును పెంచవలెను. ఆ పని విజయవాడ వద్ద 1852లో మొదలై 1855లో ముగిసినది. పనిని నడిపినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. ఆ ఆనకట్ట 1952 వరదలో దెబ్బతినగా 1957 నాటికి దానికి ఎగువన ప్రకాశం బ్యారేజి నిలిచినది. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములు మాగాణియై వరిపంటతో పచ్చబడినవి. వరి కోయకముందే ఆ చేలలోనే మినుము చల్లి, మిగిలిన తేమతోనే మరొక పంట తీయు నేర్పు అక్కడి రైతులది. దానిని గూర్చి మరొకనాడు మాటలాడుకొనవచ్చును.

కాని మాచర్ల, వినుకొండ, నరసరావుపేట, దర్శి మొదలగు మెట్ట తాలూకాలకు ఆ ఆనకట్టవలన ఒరిగినదేమి? అవి అంతకంటె ఎత్తున నున్నవి. వానికి నీరందవలెనన్న ఎంతో ఎగువన, కొండల నడుమ నదిని నిలుపవలెను. నందికొండ వద్ద నాగార్జునసాగరునకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. రాతితో, మనుష్యుల చేతులతో కట్టిన ఆ ఆనకట్టనుండి 1967 ఆగష్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు. దాని పొడవు సుమారు 203 కిలోమీటర్లు; తలవద్ద సామర్థ్యము 11,000 క్యూసెక్కులు. పంపులు లేవు, యంత్రములు లేవు. కొండల అంచున, మిట్టల వెంబడి, మిక్కిలి స్వల్పమైన వాలుతో నీరు తనంతట తాను నడచును. అద్దంకి శాఖ, దర్శి శాఖ, ఒంగోలు శాఖ ఇట్లు చీలి, మేజరులు, మైనరులు, చివరకు పంట బోదెలై పొలము చేరును.

ఇక్కడ చిన్న లెక్క చెప్పెదను; లెక్కలన్న మొగము చిట్లించు శ్రోతలు ఒక్క నిమిషము ఓపిక పట్టుడు. ఒక క్యూసెక్కు నీరు ఒక దినమంతయు పారినచో రెండెకరముల మీద ఒక అడుగు లోతున నిలుచును. ఒక టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. అది దాదాపు 23 వేల ఎకరముల మీద ఒక అడుగు లోతు. కుడికాలువకు నిర్ణయించిన వాటా 132 టి.ఎం.సి.లు. ఆయకట్టు 11 లక్షల ఎకరములకు పైమాట. భాగించి చూచినచో ఎకరమునకు మూడడుగులకు లోపుగానే వచ్చును. అదియు కాలువ తలవద్దనే. త్రోవలో ఇంకినది, ఆవిరియైనది తీసివేయగా చేలో పడునది ఇంకను తక్కువ. వరికి నాలుగడుగులు కావలెను, అంతకు మించియు కావచ్చును. కనుకనే ఈ కాలువ క్రింద అధికభాగమును ఆరుతడి పైరులకే కేటాయించి, కొంత భాగమునకు మాత్రమే వరిని అనుమతించిరి. ప్రత్తి, మిరప, జొన్న, వేరుసెనగ ఇవియే ఆ కాలువ మనసున పెట్టుకొన్న పైరులు.

మరి జరిగినదేమి? నీరు మొదట చూచిన ఎగువ గ్రామములవారు వరి నాటిరి. వారిని నిందించుట తేలిక. కాని తరతరములుగా జొన్నన్నము తినిన ఇంట తెల్లని అన్నము వండుకొనగోరుట తప్పా? వరికి ధర నిలకడ, చీడల బాధ తక్కువ, కూలి పని తెలిసినది. మిరప అట్లు కాదు; ఒక యేడు బంగారము, మరొక యేడు అప్పు. ఎగువ రైతు తన పొలముమట్టుకు తెలివిగానే నడచుకొన్నాడు. కాని అతడు ఒక ఎకరము వరికి పెట్టిన నీరు దిగువన రెండెకరముల మిరపకు సరిపోవును. పై తూము ఒక గంట ఎక్కువ తెరచియున్నచో, ఆ గంట నీరు చివరి మైనరునకు రాదు. కాలువ గట్టున ఇంజను పెట్టి గొట్టముతో తోడువారు వేరు. లస్కరు ఒక్కడు, గట్టు కొన్ని మైళ్లు. రాత్రివేళ షట్టరు ఎవరు ఎత్తిరో అతనికి మాత్రము ఏమి తెలియును? "మా ఊరికి కాలువ వచ్చినది గాని నీరు రాలేదు" అను మాట ప్రకాశము జిల్లా చివరి ఆయకట్టు గ్రామములలో ఎవరిని కదపినను వినబడుచుండును.

నా అభిప్రాయము అడిగినచో, నీరు వదలిన మొదటి వారము చివరి మైనరులకే ఈయవలెను, ఆ పిమ్మట మీదికి రావలెను. వంతుల పద్ధతి పుస్తకములలో ఎప్పటినుండియో ఉన్నది. తలవద్ద మొదలుపెట్టిన వంతు తలవద్దనే ముగియుచున్నది, అంతే.

ఐతే ఇందులో మరొక చిక్కున్నది. దానిని దాచిపెట్టుట న్యాయము కాదు. ఎగువన పారిన నీరంతయు వృథాయని అనుకొనరాదు. కాలువ గట్టునుండి, వరిమడినుండి ఇంకిన నీరు భూమిలో దిగి, దిగువ బావులలో ఊరును. వాగులలో తేలి మరల పారును. అందుచేత కాలువకు సిమెంటు లైనింగు వేసినచో కాలువ నీరు మిగులును గాని, ఆ ఊటపై బ్రతుకు బావులు ఎండవచ్చును. 2010 తరువాత ప్రపంచ బ్యాంకు ఋణముతో ఈ కాలువల ఆధునికీకరణ సాగినప్పుడు నీటి పొదుపు గూర్చి వినబడినంతగా బావుల మాట వినబడలేదని నా కనిపించినది.

నీరు రాకుండుట ఒక బాధ యైనచో పోకుండుట మరొక బాధ. కొండవీటి కొండలలో పుట్టిన కొండవీటి వాగు ఉండవల్లి వద్ద కృష్ణలో కలియవలెను. కాని కృష్ణ నిండుగా నున్నప్పుడు నది మట్టమే వాగు కంటె ఎత్తు. పల్లమెరిగిన నీటికి పల్లమే లేకపోవును. వాగు వెనుకకు తన్ని నల్లరేగడి పొలములను ముంచును. చివరకు 2018లో ఉండవల్లి వద్ద 5,000 క్యూసెక్కులను పంపులతో ఎత్తి నదిలో పోయు ఏర్పాటు చేసిరి. మిట్టకు నీరెక్కించుటకు పంపు పెట్టుట లోకమంతట కలదు; వాన నీటిని నదిలోనికి ఎక్కించుటకు పంపు పెట్టవలసి వచ్చుట చూచితిరా!

పూర్వులు ఇంత పెద్ద కాలువలు త్రవ్వలేదు. కాని కంభము చెరువును చూడుడు. నల్లమల కొండలలో పుట్టిన గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్ట వేసి, కొన్ని శతాబ్దముల క్రిందట సృష్టించిన చెరువు అది. నేటికిని ఆయకట్టు పారించుచున్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దానిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినది. అదే గుండ్లకమ్మ మీద మల్లవరము వద్ద మన కాలమున కట్టిన జలాశయమునకు 2022లో ఒక గేటు, 2023లో మరొక గేటు కొట్టుకొనిపోయి, నిలిచిన నీరు సముద్రము పాలైనది. ఇనుము తుప్పు పట్టును, దానికి ఏటేట రంగు, నూనె, మరమ్మతు కావలెను. కట్టుటకు దొరికిన ధనము కాచుటకు దొరకదు.

సాగరు జలాశయమును మొదట 408 టి.ఎం.సి.లకు కట్టిరి. పూడిక చేరి ఈనాడు సుమారు 312 వద్ద నున్నది. నిండు మట్టము 590 అడుగులు. కనీస మట్టము 510. వాన లోపించిన యేడు ఎగువ జలాశయములు నిండువరకు ఇక్కడికి నీరు దిగదు. 2015లో కుడికాలువ క్రింద ఎన్నో చేలు బీడు పడినవి. 2014లో రాష్ట్రము రెండైన తరువాత ఒకే ఆనకట్టకు ఇద్దరు యజమానులైరి. 2023 నవంబరు 30 వేకువను ఆనకట్టపై రెండు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగా నిలువగా, కుడికాలువ తూములు తెరువబడి నీరు పారినది. త్రాగునీటికని ఒకరు, అనుమతి లేదని మరొకరు. కేంద్రము కలుగజేసికొని తన బలగములను అక్కడ నిలిపినది. ఎవరి వాదము న్యాయమో నిర్ణయించుటకు బోర్డులు, ట్రిబ్యునళ్లు కలవు.

ఊరి నీటిని ఊరివారే పంచుకొనవలెనని 1997లో శాసనము చేసి నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచిరి. దేశమంతట దానిని మెచ్చుకొన్నారు. నడుమ కొన్నేండ్లు ఆ సంఘములకు ఎన్నికలే లేకపోయినవి. 2024 డిసెంబరులో మరల జరిగినవి. ఎన్నికైనవారిలో ఎగువ రైతు ఎందరు, చివరి రైతు ఎందరు అనునది ఆయా గ్రామములవారు గమనింపవలసిన సంగతి. తూము ఎత్తు తాళము ఎవరి చేతిలో నున్నదన్నది తేలినగాని సంఘమున్నదో లేదో తెలియదు.

ఈ కాలువ నీటి కొరకు కాచుకొన్నది పైరు ఒక్కటే కాదు. ఒంగోలు పట్టణములో త్రాగు నీరు చాలవరకు ఈ కాలువ చివరినుండియే, వేసవి చెరువులను నింపుకొని వాడుకొనుచున్నారు. మార్చిలో మిరప రైతు ఆఖరి తడి కొరకు అడుగును. అదే వారములో పట్టణపు చెరువు నిండవలసి యుండును. రెండును ఒకే శాఖ కాలువ నీళ్లు. ఆ వారము ఎగువ తూములు మూసి, గట్టు మీద రేయింబవళ్లు మనుష్యులను కావలి పెట్టి, నీటిని చివరకు నడిపింతురు. కాలువ తలనుండి ఆ చెరువు చేరుటకు నీటికి కొన్ని దినముల ప్రయాణము. ఆ దినములలో ఎవరు ఎక్కడ షట్టరు ఎత్తినను, ఒంగోలులో బిందె పట్టుకొని నిలుచున్న ఇల్లాలికి ఆ సంగతి కుళాయి చెప్పును.