జపాను భాషాభ్యాసము

పంచాయతీ సభ్యులగు సోదరీ సోదరులారా!

2021 జనవరిలో భారత, జపాను ప్రభుత్వములు చేసికొనిన ఒడంబడికవలన, నైపుణ్యముగల మన యువజనులకు అచ్చట పనులు దొరకు త్రోవ యేర్పడినది. దానికి సాధారణముగా భాషాపరీక్ష తప్పదు. అప్పుచేసి తరగతులలో చేర్పింపవలెనా యని తలిదండ్రులు మిమ్ము నడుగుదురు.

ఇంటియొద్దనే కొంతదూరము సాగవచ్చును. ‘హోన్ ఒ యోమిమాసు’ అనగా ‘పుస్తకమును చదువుదును’. పుస్తకము ముందు, విభక్తి దాని వెనుక, క్రియ చివర. అంతయు మన వరుసయే! ఇంగ్లీషులో మనకీ సుఖము లేదు. హిరగాన, కతకాన లిపులలో మూలాక్షరములు 46 చొప్పున కలవు. నిత్యము వ్రాసినచో పట్టుబడును. కాంజీయను చిత్రాక్షరములకే ఓపిక కావలెను. నిత్యవ్యవహారమునకై జపాను ప్రభుత్వము 2010లో ప్రకటించిన పట్టికలో అవి 2,136.

నేను ఒక యేడు పుస్తకముతోనే చదివితిని. తీరా జపానీయుడొకడు పలుకరింపగా ఒక్క ముక్కయు బోధపడలేదు. జె.ఎల్.పి.టి. పరీక్షలో విని గ్రహించు భాగము కలదు గాని, మాటలాడించు భాగము లేదు. కావున ఉత్తీర్ణులైనను నోరు పెగలనివారుందురు. గురువు కావలసినది ఇచ్చటనే. రుసుము చెల్లింపకమునుపే ఒకదినము తరగతిలో కూర్చుండి, పిల్లలచేత ఎంతసేపు మాటలాడింతురో చూడుడు. లిపికిని వ్యాకరణమునకును మీ గ్రంథాలయములో సాయంకాలము ఒక బల్లయు, దీపమును చాలును.