చదువునకొక పద్దు

సాయంకాలము ఆరు గంటలు దాటిన పిమ్మట మాసబ్ ట్యాంకు కూడలిలో కొంతసేపు నిలిచి చూచినచో, చుట్టుప్రక్కల కార్యాలయములనుండి వెలుపలికి వచ్చు యువతీయువకులు పెక్కురు కనిపింతురు. వారిలో కొందరి సంచులలో కార్యాలయపు కాగితములతోపాటు లావుపాటి పాఠ్యపుస్తకములును ఉండును. వీరు పగలు ఇతరుల లెక్కలు చూచి, రాత్రి తమ పరీక్షకు చదువుకొనువారు. బంజారాహిల్సు ఒకటవ నెంబరు రోడ్డుమీదుగా పంజగుట్టకు, అక్కడినుండి అమీర్‌పేటలోని హాస్టళ్లకు చేరి, అన్నము తిని పుస్తకము తెరచునప్పటికి రాత్రి తొమ్మిది గంటలగును. ఇతరుల జమాఖర్చులలో పైసా తేడా పట్టగల వీరిలో అనేకులు తమ కాలమునకు మాత్రము జమాఖర్చు వ్రాసికొనరు. ఆ సంగతియే నేటి మా ప్రసంగమునకు విషయము.

భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949 నాటి చట్టము ననుసరించి ఆ సంవత్సరము జూలై 1వ తేదీన ఏర్పడినది. దాని హైదరాబాదు శాఖ మాసబ్ ట్యాంకునకు సమీపముననే రెడ్ హిల్సులో కలదు. 2023లో వచ్చిన నూతన విధానము ప్రకారము ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని పరీక్షలు మూడు మెట్లు. ఇంటర్మీడియట్ ముగిసిన పిదప రెండేండ్ల శిక్షణ; లోగడ అది మూడేండ్లుండెడిది. ఫైనల్ పరీక్షలో ఆరు పత్రములు. అవి మూడేసి చొప్పున రెండు గ్రూపులు.

మా మేనకోడలు నల్లగొండ జిల్లానుండి వచ్చి ఇచ్చటనే శిక్షణ ముగించినది. ఫైనల్ మొదటి గ్రూపు వ్రాసి, ఫలితములు వచ్చిన నాటి సాయంకాలము మా యింటికి వచ్చి, “మూడింటిలోనూ నలుబది దాటినవి గదా మామయ్యా, మరి తప్పితిననుటేమి?” అని కన్నీరు పెట్టుకొన్నది. ఆర్థిక నివేదనలో 58, ఆర్థిక నిర్వహణలో 46, ఆడిటింగులో 41 మార్కులు. మొత్తము 145. ప్రతి పత్రమునందును 40 రావలెననునది ఒక నియమము. గ్రూపు మొత్తము 300లో సగము, అనగా 150, రావలెననునది రెండవ నియమము. మొదటిదానిని ఆమె దాటినది. రెండవదానికి 5 మార్కులు తక్కువైనవి.

ఈ రెండు నియమములును విద్యార్థులకు తెలియనివి కావు. కాని చదువునకు కూర్చుండునపుడు రెండవది మనస్సున నిలువదు. మూడు పత్రములందును సరిగా 40 వచ్చినచో మొత్తము 120 మాత్రమే. కావున ప్రతి పత్రమునందు గట్టెక్కిన చాలుననుకొనువాడు తప్పుటకే సిద్ధపడుచున్నాడన్నమాట. ఒక పత్రమునందు లోటు వచ్చునని తోచినచో, ఆ లోటు ఏ పత్రమునుండి పూడ్చవలెనో ముందే నిశ్చయించుకొనవలెను.

ఇచ్చట మూడవ నియమమొకటి కలదు. గ్రూపులోని అన్ని పత్రములును వ్రాసి, గ్రూపు తప్పినను, ఏదేని పత్రములో 60 మార్కులు తెచ్చుకొన్నవారికి తరువాతి మూడు పరీక్షలవరకు ఆ పత్రమునుండి మినహాయింపు లభించును. ఆ మార్కులు మొత్తములో చేరును. మా మేనకోడలికి ఆర్థిక నివేదనలో మరి రెండు మార్కులు వచ్చియుండినచో, రెండవమారు ఆ పత్రము వ్రాయు పని లేకపోయెడిది. అందుచేత మేము చెప్పునదేమనగా, తనకు బాగుగా వచ్చిన పత్రమొకదానిని ఎన్నుకొని, దానియందు 60కి మించి తెచ్చుకొనుటకు పట్టుబట్టవలెను. వచ్చిన దానినే మరల చదువుట వృథాయని తలపకూడదు. అది తక్కిన రెండింటికిని పూచీ.

ఇక కాలపు పద్దు. తప్పిన పిదప ఇంటి పరిస్థితులనుబట్టి ఆ పిల్ల మాసబ్ ట్యాంకులో ఒక ఆడిటరుగారి కార్యాలయములో ఉద్యోగమునకు చేరినది. రెండవమారు రెండు గ్రూపులును ఒక్కసారే వ్రాయుదునన్నది. ఆ కోరిక అర్థము లేనిది కాదు. రెండును కలిపి వ్రాసినవారికి ప్రతి పత్రములో 40, మొత్తము 600లో 300 వచ్చినచో, ఒక గ్రూపులోని లోటును రెండవ గ్రూపులోని మిగులు పూడ్చును. అయితే దానికి గంటలు ఉన్నవా? ఒక కాగితము తీసికొని ఇరువురమును లెక్క వేసితిమి.

పరీక్షకు ఇరువది వారములు గడువు. పనిదినములలో రోజుకు మూడు గంటలు, ఆదివారము ఎనిమిది గంటలు: వారమునకు 26. పదునారు వారములకు 416 గంటలు. చివరి నాలుగు వారములు సెలవు పెట్టి రోజుకు తొమ్మిది గంటలు చదివినచో 252. మొత్తము 668. ఇందులో జ్వరములకు, పండుగలకు, బంధువుల పెండ్లిండ్లకు, కార్యాలయపు ఒత్తిడికి ఎనిమిదవ వంతు తీసివేసితిమి. ఆడిటరు కార్యాలయములలో సెప్టెంబరు నెలలో పన్ను ఆడిట్ల పని ఎట్లుండునో ఎరిగినవారెవరును ఈ కోతను ఎక్కువయనరు. మిగిలినవి సుమారు 580 గంటలు. ఆరు పత్రములైనచో ఒక్కొక్కదానికి 97, మూడైనచో 193. ఆ అంకెలు చూచి ఆమెయే, “ఒక గ్రూపు చాలును మామయ్యా” అన్నది. ఉద్యోగము లేక గంటలు ఎక్కువ గలవారికి లెక్క వేరుగా తేలవచ్చును. మాటకన్న లెక్క ముందుండవలెననుటయే మా అభిప్రాయము.

ఈ గంటలను పరీక్ష దినమునుండి వెనుకకు పంచుకొనవలెను. పరీక్షకు ముందటి దినమున ఏ ప్రకరణములు తిరుగవేయవలెనో మొదట వ్రాసికొని, దానినిబట్టి చివరి నాలుగు వారములలో చేయవలసిన పునశ్చరణను, దానినిబట్టి మొదటి పఠనము ముగియవలసిన తేదీని నిర్ణయింపవలెను. చాలమంది మొదటి పుటనుండి మొదలుపెట్టుదురు. పుస్తకము ముగియకముందే పరీక్ష వచ్చును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు అప్పుడు పునశ్చరణకు పూనుకొందురు.

చదువుట వేరు, వ్రాయుట వేరు. ఈ గ్రూపు పత్రములకు మూడు గంటల వ్యవధి, 100 మార్కులు. 14 మార్కుల ప్రశ్నకు సుమారు 25 నిమిషములకు మించి ఇచ్చినచో వెనుకటి ప్రశ్నలు నష్టపడును. కన్నులతో చూచిన లెక్క చేతికి వచ్చినట్లు కాదు. సంస్థ ప్రకటించు నమూనా పత్రములను గడియారము ముందుంచుకొని పూర్తిగా వ్రాసి, సంస్థవారి సూచిత సమాధానములతో పోల్చి, తానే ఎఱ్ఱసిరాతో దిద్దుకొనవలెను. 30 మార్కులకు ఎంపిక ప్రశ్నలుండును; తప్పునకు మార్కులు తీసివేయరు గనుక ఒక్కటియు ఖాళీగా విడువరాదు. ఈ ప్రశ్నలను చూచుకొనుటకు బస్సు ప్రయాణము చాలును.

రెండవ గ్రూపునకు పోవువారికి మరొక హెచ్చరిక. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము స్థానమున 2025 నాటి చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. తాము వ్రాయు పరీక్షకు ఏ చట్టము వర్తించునో సంస్థ ప్రకటన చూచికొనకుండ కోఠిలో పాత పుస్తకము చౌకగా దొరకినదని కొనుట ప్రమాదము.

సంస్థ చిహ్నమున గరుడుడును, కఠోపనిషత్తునుండి గ్రహించిన వాక్యమొకటియు కలవు. నిద్రించువారి నడుమ మేలుకొనియుండువానిని అది పేర్కొనుటచే, రాత్రులు నిద్ర మానుటయే చదువని కొందరు నవ్వులకు అందురు. మేలుకొనవలసినది బుద్ధి, దేహమునకు నిద్ర వలయును. ఇంటివారలకును ఒక మనవి. “ఎంతవరకు వచ్చినది?” అని దినదినము అడుగుటకంటె, ఆ నాలుగు వారములు పెండ్లిపిలుపులను తామే నిర్వహించుకొనుట మేలు.

రెండవమారు పరీక్షలో రెండవ పత్రము వ్రాసి వచ్చిన సాయంకాలము మా మేనకోడలు టెలిఫోను చేసి, “పాడైనది మామయ్యా. మూడవదానికి పోను” అన్నది. “మొదటిది బాగుగా వ్రాసితివి గదమ్మా, మూడును వ్రాసిననే దానికి మినహాయింపు. పోయి కూర్చుండుము” అంటిమి. పోయినది. ఫలితములు వచ్చినవి: 64, 44, 47. మొత్తము 155. మొదట 5 మార్కులలో తప్పిన పిల్ల, ఈమారు 5 మార్కులలో గెలిచినది. ఆ మొదటి పత్రపు 64 లేనిదే, మూడవనాడు పరీక్షాశాలకు పోనిదే, ఆ గెలుపు లేదు.

రెండవ గ్రూపు ఇంకను మిగిలియున్నది. మొన్న ఆదివారము ఆమె మా యింటికి వచ్చి, తనంతట తానే కాగితము తీసికొని గంటలు లెక్క వేయ మొదలిడినది.