కీమో రోజుల్లో మలబద్ధకం: చెప్పడానికి సిగ్గెందుకు?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో, ఆరోగ్య ఉపసంఘం కోరిక మేరకు చేసిన ప్రసంగం)



క్యాన్సర్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను నర్సును. కీమో ఎక్కించే వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను. రొమ్ములో గడ్డను ఎలా గుర్తుపట్టాలో, పరీక్షలు ఎక్కడ చేస్తారో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను సభల్లో ఎవరూ ఎత్తని సంగతి ఎత్తుతాను. కీమో జరుగుతున్నప్పుడు దొడ్డికి రాకపోవడం. నవ్వండి, పర్లేదు. నవ్వాక వినండి.

కీమో అనగానే మనకు జుట్టు ఊడటం, వాంతులు గుర్తుకొస్తాయి. వాటి గురించి పేషెంట్లు అడక్కుండానే చెబుతారు. "మోషన్ అవుతోందా అమ్మా?" అని నేనడిగితే మాత్రం ముందు పక్కన నిలబడ్డ కొడుకు వైపో, భర్త వైపో చూస్తారు. తర్వాత "ఆఁ, అవుతోంది" అంటారు. అందుకే నేను ముందుగా మగవాళ్లను టీ తాగి రమ్మని పంపేదాన్ని. వాళ్లు అటు వెళ్లగానే "ఐదు రోజులైంది సిస్టరమ్మా, ప్రాణం పోతోంది" అని చేయి పట్టుకునేవాళ్లు. ఐదు రోజులు! మొదటి రోజే చెప్పి ఉంటే ఒక మాత్రతో పోయేది.

ఇది ఎందుకు వస్తుందంటే, మనవాళ్లు "వేడి చేసింది" అంటారు. వేడి కాదు. పేగు ఎప్పుడూ అలలు అలలుగా కదులుతూ తిన్నదాన్ని ముందుకు నెడుతూ ఉంటుంది. ఆ కదలిక మందగిస్తే మలం పేగులోనే ఎక్కువసేపు ఉండిపోతుంది, అందులోని నీరంతా పేగు పీల్చేస్తుంది, మలం రాయిలా అవుతుంది. కదలిక మందగించడానికి కారణాలు చాలా ఉన్నాయి. రక్త క్యాన్సర్లలో వాడే విన్‌క్రిస్టిన్ లాంటి మందులు పేగు నరాలనే దెబ్బతీస్తాయి. వాంతులు ఆగడానికి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ పేగును కూడా నెమ్మదింపజేస్తుంది. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, మార్ఫిన్ అయితే మరీను. రక్తం తక్కువగా ఉందని ఇచ్చే ఐరన్ మాత్రలు ఉండనే ఉన్నాయి. వీటికి తోడు నోరు బాగాలేక తిండి తగ్గుతుంది, నీరసంతో మంచం దిగరు.

ఇది విని ఎవరూ వాంతి మాత్రలు, నొప్పి మాత్రలు మానేయకండి. నొప్పితో పడుకున్న మనిషికి నొప్పి మాత్ర కావాల్సిందే. దానితో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయమని డాక్టర్ని అడగాలి. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే ఆ మందు కూడా మొదలుపెట్టాలి. మార్ఫిన్ వల్ల వచ్చే మగత, వికారం కొన్ని రోజులకు తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, అది వాడినంతకాలం ఉంటుంది. "రోజూ వేసుకుంటే అలవాటైపోతుందేమో" అని మధ్యలో ఆపేసి తిప్పలు పడేవాళ్లను ఎంతోమందిని చూశాను.

ఇక నీళ్ల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇది మన ఆడవాళ్ల కష్టం. మన మండలం నుంచి కీమోకు హైదరాబాద్ వెళ్లేవాళ్లు తెల్లవారుజామునే బస్సెక్కుతారు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో మనకు టికెట్ లేదు, ఛార్జీల భారం తగ్గింది. కానీ దారిలో పోవడానికి చోటు ఎక్కడుంది? అందుకని ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేస్తారు. ఆసుపత్రిలో దిగాక కూడా, బాత్రూమ్ దగ్గర లైన్ చూసి తాగరు. తిరిగి ఇల్లు చేరేదాకా అంతే. అలా దాదాపు ఒక రోజంతా గుక్కెడు నీళ్లు లేకుండా, దాని మీద కీమో, దాని మీద వాంతి మందు. మలబద్ధకం రాక ఏం చేస్తుంది?

బస్సులో కూర్చున్నంతసేపు మానుకోవాల్సి వస్తే మానుకోండి, కాదనను. కానీ ముందురోజు బాగా తాగండి. బస్సు దిగిన వెంటనే బాటిల్ మూత తియ్యండి. సీసా ఎక్కించేటప్పుడు మంచం పక్కనే సిస్టర్లు ఉంటారు, బాత్రూమ్‌కు వెళ్లాలంటే సెలైన్ స్టాండ్‌తో పాటే తీసుకెళ్తారు, అడగండి. ఇంట్లో ఉన్న రోజుల్లో లీటరు బాటిల్ రెండుసార్లు నింపి ఖాళీ చేయండి. మజ్జిగ, అంబలి, పప్పుకట్టు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఇంకా తాగాలని గుర్తు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, కాళ్ల వాపు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టర్‌ను అడిగి తాగాలి.

తిండి విషయం మీకు నేను చెప్పేదేముంది? తోటకూర, బచ్చలి, బీరకాయ, సొరకాయ, జొన్న రొట్టె, పొట్టు పెసరపప్పు అన్నీ మన ఇళ్లలోవే. రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. కీమో రోజుల్లో ఏదైనా బాగా ఉడికించి తినాలి. పండైతే బాగా కడిగి, మీరే తొక్క తీసి కోసుకున్న బొప్పాయి మంచిది, బండి మీద కోసి పెట్టిన ముక్కలు వద్దు. రెండోది, కడుపులో గడ్డ పేగును నొక్కుతున్నవాళ్లకు డాక్టర్లు పీచు తగ్గించమంటారు. అలాంటివాళ్లకు ప్రేమకొద్దీ ఆకుకూరలు, రొట్టెలు పెట్టకూడదు. ఇసబ్‌గోల్ కూడా అంతే. నీళ్లు తక్కువ తాగే మనిషికి అది లోపల ముద్దై అడ్డంపడుతుంది.

పొద్దున వేడిగా ఏదైనా తాగి, టిఫిన్ తిన్న అరగంటకు పేగు దానంతటదే కదులుతుంది. ఆ సమయంలో పని పెట్టుకోకుండా వెళ్లి కూర్చోండి. రాకపోతే ముక్కకండి, లేచి నాలుగడుగులు వేయండి. కుర్చీ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే సులువు. లోపలి గడియ పెట్టుకోవద్దు, నీరసంలో కళ్లు తిరిగితే బయటివాళ్లు తలుపు తీయగలగాలి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన మాట. రెండు రోజులు దొడ్డికి రాకపోతే మన ఊళ్లలో ఏం చేస్తారు? ఆముదం తాగిస్తారు. లేదంటే సబ్బు ముక్క పెడతారు, ఎనీమా ఇస్తారు. మామూలు మనిషికి చెల్లిందేమో, కీమోలో ఉన్న మనిషికి ఇది ప్రాణాల మీదికి వస్తుంది. కీమో ఎక్కించాక సుమారు వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అంటే ఒంట్లో కాపలా ఉండదు. మలద్వారం దగ్గర చిన్న గీత పడినా అక్కడి క్రిములు నేరుగా రక్తంలోకి పోతాయి. ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉంటే రక్తం ఆగదు. నేను చూసిన ఒక పెద్దావిడకు కీమో అయిన తొమ్మిదో రోజు ఇంట్లోవాళ్లు మేలు చేద్దామనే సబ్బు ముక్క పెట్టారు. మర్నాటికి చలి జ్వరం. రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచి రాత్రింబవళ్లు యాంటీబయాటిక్స్ ఎక్కిస్తే బతికింది. ఆమె కోడలు మా వార్డు వరండాలో కూర్చుని ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే. ఆ పిల్లకు ముందుగా ఎవరు చెప్పారు గనుక?

కాబట్టి వేలు, సబ్బు, ఎనీమా, లోపల పెట్టే మందు ఏదీ కీమో డాక్టర్‌ను అడగకుండా వద్దు. నోటితో వేసుకునేవే మంచివి. లాక్టులోజ్ తీపి సిరప్ ఒకటి ఉంటుంది, అది పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పొద్దున తాగి సాయంత్రానికి రాలేదని ఇంకో రెండు మూతలు పోసుకోకండి. షుగర్ ఉంటే ఆ మాట ముందే చెప్పండి. బిసకోడిల్ మాత్ర రాత్రి వేసుకుంటే పొద్దుటికి పనిచేస్తుంది. దాన్ని నమలకూడదు, పాలతో వేసుకోకూడదు, పైపూత కడుపులోనే కరిగిపోయి నొప్పి వస్తుంది. సునాముఖి చూర్ణం సొంతంగా కొనుక్కుని వాడేవాళ్లు ఉంటారు, అది కూడా మందే, డాక్టర్‌కు చెప్పాలి. ఏది వాడినా నీళ్ల విరేచనాలు మొదలైతే ఆపి ఫోన్ చేయాలి.

ఇందులోనే ఒక మోసం ఉంది. నాలుగైదు రోజులు రాని మనిషికి హఠాత్తుగా కొంచెం కొంచెం నీళ్లలా కారుతుంది. ఇంట్లోవాళ్లు "హమ్మయ్య, వచ్చింది" అంటారు, లేదా విరేచనాలు కట్టే మాత్ర వేస్తారు. లోపల గట్టి ముద్ద అడ్డంపడి, దాని పక్కల నుంచి నీరు కారడం అది. అప్పుడు కట్టే మాత్ర వేశారంటే మొత్తం బిగుసుకుపోతుంది.

ఎన్ని రోజులకు భయపడాలని అడుగుతారు. కొందరికి రోజూ అవుతుంది, కొందరికి రోజు విడిచి రోజు. మీ మామూలు అలవాటే మీకు కొలత. మూడు రోజులు దాటితే, లేదా మేక పెంటికల్లా గట్టిగా వస్తుంటే ఫోన్ చేయండి. కడుపు ఉబ్బి, గ్యాస్ కూడా పోక, వాంతులవుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, రక్తం పడినా అంతే. 108కు చేయండి, "కీమోలో ఉన్న మనిషి" అని మొదటి మాటగా చెప్పండి.

సంఘం చేయగల పనులు రెండున్నాయి. పొదుపు లెక్కలు నెలనెలా తప్పకుండా రాస్తాం కదా. కీమోలో ఉన్న సభ్యురాలి ఇంట్లో గోడ క్యాలెండర్ మీద, మోషన్ అయిన రోజు ఒక టిక్కు పెట్టడం నేర్పండి. ఆ క్యాలెండర్‌నే ఫోటో తీసి ఆసుపత్రికి తీసుకెళ్తే నోటితో చెప్పే బాధ కూడా తప్పుతుంది. రెండోది, కింద కూర్చుని లేవలేనివాళ్ల కోసం గ్రామ సంఘానికి ఒక కమోడ్ కుర్చీ కొనండి. ఒకరి అవసరం తీరాక కడిగి ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఖర్చు ఎంతవుతుందో ఆరోగ్య ఉపసంఘం కనుక్కుని తీర్మానానికి పెడితే బాగుంటుంది.

ఆసుపత్రికి తోడుగా వీలైతే ఒక ఆడమనిషిని పంపండి. కొడుకులు మంచివాళ్లే, కానీ వాళ్ల ముందు తల్లి ఈ మాట చెప్పదు.

మైకులో అడగలేనివాళ్లు ఉంటారని నాకు తెలుసు. భోజనాల దగ్గర, ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను, ఒక్కొక్కరుగా రండి.