వెదురు పూస్తే కరువొస్తుందా? మిజోరం చెప్పే నిజం

 

ముందు ఒక చిన్న ప్రశ్న. అడవిలో పూలు పూస్తే ఊళ్లోకి కరువొస్తుందా? "ఏంటి బ్రో, మూఢనమ్మకాలు చెప్తున్నావ్" అంటారు కదా! 1958లో మిజో పెద్దలు ఇదే చెప్తే, అప్పటి అస్సాం ప్రభుత్వం కూడా ఇలాగే తీసిపారేసింది. తర్వాత ఏం జరిగిందో చూద్దాం.

ఫస్ట్ బేసిక్స్. వెదురు చెట్టు కాదు, గడ్డి. వరి, చెరకు దీనికి చుట్టాలే. ప్రపంచంలో 1,600కి పైగా రకాలున్నాయి. మనం అన్నిటినీ వెదురు అనేస్తాం కానీ, ఒక్కో రకానిది ఒక్కో పని.

చైనాలో మోసో అనే రకం ఉంది. ఫ్లోరింగ్ పలకల నుంచి కూర వండుకునే లేత మొలకల దాకా అన్నీ దాన్నుంచే. కొలంబియాలో గ్వాడువా. లావుగా, బలంగా ఉంటుంది, దాంతో ఇళ్లే కట్టేస్తారు. జపాన్‌లో మదాకే. 1880లో ఎడిసన్ తన బల్బు లోపలి ఫిలమెంట్ కోసం వేల రకాల పదార్థాలు పరీక్షించి, చివరికి క్యోటో దగ్గర దొరికిన ఈ వెదురు పీచునే వాడాడు. మన దగ్గర అయితే, లోపల దాదాపు గట్టిగా నిండి ఉండే వెదురుతో లాఠీలు చేస్తారు. మేదరి వాళ్లు బుట్టలు, చాటలు, తడికలు అల్లుతారు. ఇక రోజూ వెలిగించే అగరబత్తి పుల్ల ఉంది కదా, త్రిపురలో దానికి ఎక్కువగా వాడేది బంబూసా టుల్డా అనే రకం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. చాలా రకాల వెదురు జీవితంలో ఒక్కసారే పూస్తుంది. పూసి, గింజలు రాల్చి, చచ్చిపోతుంది. అదీ ఒక్క పొద కాదు, ఒకే తరం మొక్కలన్నీ దాదాపు ఒకేసారి! కోడింగ్ భాషలో చెప్పాలంటే, లోపల టైమర్ పెట్టిన ప్రోగ్రామ్ లాంటిది. జపాన్ మదాకేకి ఆ టైమర్ సుమారు 120 ఏళ్లు. మిజోరం కొండల నిండా ఉండే మౌటాక్ అనే రకానికి 48 ఏళ్లు.

మౌటాక్‌తో మిజోలు ఇంటి గోడలు, బుట్టలు అల్లుకుంటారు. అది పూసినప్పుడు కొండల మీదంతా కాయలు రాల్తాయి. ఎలుకలకి పండగే. తిని తిని విపరీతంగా పిల్లల్ని పెడతాయి. ఆ కాయలు అయిపోగానే లక్షల ఎలుకలు వరి చేల మీద, గాదెల మీద పడతాయి. అదీ కరువొచ్చే దారి. ఇందులో మూఢనమ్మకం ఎక్కడుంది చెప్పండి? దీనికి మిజోలు పెట్టుకున్న పేరు మౌతామ్. మౌ అంటే వెదురు, తామ్ అంటే కరువు. బంబూసా టుల్డా పూసినప్పుడు వచ్చే కరువుకి ఇంకో పేరు, థింగ్‌తామ్. అంటే, ఏ రకం పూస్తే ఏ కరువో వాళ్ల దగ్గర లెక్క ఉంది!

1911లో ఒకసారి మౌతామ్ వచ్చింది. దానికి 48 కలిపితే 1959. పెద్దవాళ్లు ముందే హెచ్చరించారు, జిల్లా కౌన్సిల్ ముందే సాయం అడిగింది. పట్టించుకోలేదు. కరువు వచ్చింది, జనం ఆకలితో చనిపోయారు. అప్పుడు బాధితులకి బియ్యం చేరవేయడానికి లాల్‌డెంగా నాయకత్వంలో ఒక ఫ్రంట్ పనిచేసింది. 1961లో అదే మిజో నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ అయింది. 1966లో సాయుధ తిరుగుబాటు. ఐజ్వాల్ మీద మన వాయుసేన విమానాలే దాడి చేశాయి. 1986లో శాంతి ఒప్పందం, 1987లో మిజోరం రాష్ట్రం. అన్నిటికీ వెదురొక్కటే కారణం అనను. కానీ "మా మాట వినలేదు" అన్న కోపం మొదట గట్టిగా రాజుకున్నది అక్కడే.

మళ్లీ 48 కలపండి. 2007. ఈసారి ప్రభుత్వం ముందే స్కీమ్ పెట్టింది. ఎలుకలు పెద్దగా ముట్టని అల్లం, పసుపు వేయమంది. ఎలుక తోకలు తెచ్చిస్తే డబ్బులిచ్చింది. వెదురు చెప్పిన టైమ్‌కి పూసింది, ఎలుకలూ వచ్చాయి, పంట నష్టం తప్పలేదు. కానీ 1959 నాటి ఘోరం మాత్రం మళ్లీ జరగలేదు. తేడా ఏంటి? ఈసారి పెద్దవాళ్ల లెక్కని డేటాగా తీసుకున్నారు, అంతే.

తర్వాతి మౌతామ్ 2055 ప్రాంతంలో. అప్పటికి మనమే పెద్దవాళ్లం!

సో, ఒక చిన్న పని చేయండి. మీ తాతయ్యనో, అమ్మమ్మనో, మీ ఊరి మేదరి పెద్దాయన్నో అడగండి: "వెదురు పూయడం ఎప్పుడైనా చూశారా? ఏ ఏడాది? తర్వాత ఏం జరిగింది?" ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. నలభై, యాభై ఏళ్లకోసారి జరిగేదాన్ని గుర్తుపెట్టుకునే మనుషులు తక్కువ. వాళ్లు ఉండగానే అడగాలి.

వాళ్లేం చెప్పారో కామెంట్‌లో రాయండి, నేను అన్నీ చదువుతా. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ!