నివురు గప్పిన నిప్పు

పూర్వము మన పల్లెటూళ్లలో రాత్రివేళ పొయ్యిలోని నిప్పును ఆర్పివేయుట యుండెడిది కాదు. నిప్పు కణికలను ఒకచోటికి చేర్చి, వానిపై బూడిద కప్పి, ఇల్లాలు పరుండెడిది. తెల్లవారగనే నివురు తొలగించి, నాలుగు ఎండుపుల్లలు వేసి, గొట్టముతో ఊదగా మరల మంట లేచెడిది. అది నిదురించిన నిప్పేగాని ఆరిన నిప్పు కాదు. ఈ భేదము ఆమెకు చక్కగా తెలియును. కావుననే ఆ పొయ్యి చేరువను పత్తిమూటను గాని, గడ్డిమోపును గాని ఉంచనిచ్చెడిది కాదు.

నేడు మన ఇండ్లలో పిల్లల చదువులకును, పెద్దల ఉద్యోగములకును లాప్‌టాప్ అను మడత కంప్యూటరు ఆధారమైనది. మూత మూయగనే తెర చీకటియగును, చప్పుడు ఆగును. యంత్రము ఆరిపోయినదని మనము తలంచి సంచిలో పెట్టుదుము. కాని అదియు నివురు గప్పిన నిప్పే. ఆ సంగతి మరచినందువలన కలుగు చిక్కులేవి, వానినుండి తప్పించుకొను ఉపాయములేవి యను విషయమును గూర్చి నేడు ముచ్చటించుకొందము.

ఈ విషయమును మేము పుస్తకము చదివి తెలిసికొనలేదు. చేయి కాల్చుకొని తెలిసికొంటిమి. ఒక వేసవిలో మా మేనకోడలు తన పరిశోధనకు సంబంధించిన మౌఖిక పరీక్షకై రాజమహేంద్రవరమునుండి హైదరాబాదు వెళ్లవలసి వచ్చెను. తోడుగా మేము బయలుదేరితిమి. రాత్రి రైలు. ప్రయాణమునకు అరగంట ముందువరకును ఆమె లాప్‌టాప్‌ను ఇంటిలోని పెద్ద తెరకు తగిలించి, పరీక్షకుల ఎదుట చూపవలసిన పటములను సరిదిద్దుకొనుచునే యుండెను. వాకిట ఆటో నిలిచి హారను మ్రోగించుచుండగా, యంత్రమును సర్దు భారము మాపై పడెను. మేము మూత మూసితిమి, తీగలు ఊడదీసితిమి, స్పాంజి పొదిగిన సంచిలో దానిని దూర్చి జిప్పు లాగితిమి. అంతటితో తృప్తి పడక, కుదుపులకు దెబ్బ తగులునేమో యని, ఆ సంచిని బట్టల పెట్టెలో చీరల మడతల నడుమ నుంచితిమి. మా జాగ్రత్తకు మేమే మురిసిపోతిమి.

మరునాటి ఉదయము సికింద్రాబాదులో బంధువుల ఇంట పెట్టె తెరచితిమి. చీరలు అప్పుడే ఇస్త్రీ చేసినట్లు వెచ్చగా నుండెను. సంచిలో చేయి పెట్టి, చురుక్కుమనగా వెనుకకు తీసికొంటిమి. మూత మూసియే సర్దితిమి గదా యని మేము తెల్లబోయి పలుకగా, ఆమె, "మూత మూస్తే ఆగదు మామయ్యా, నిద్రపోతుందంతే. ఇది నిద్ర కూడా పోయినట్టు లేదు" అనెను. ఎంత నొక్కినను యంత్రము మేల్కొనలేదు. బ్యాటరీ పూర్తిగా అడుగంటినది. రాత్రి చేసిన సవరణలను ఆమె భద్రపరచి యుండలేదు, అవియును పోయినవి. పరీక్షకు మూడు గంటల వ్యవధి మాత్రమే యుండెను.

యంత్రము చల్లారువరకు వేచియుండి, పిదప కరెంటు తగిలించి, ఆమె జ్ఞాపకమున్నంత మేరకు సవరణలను మరల వ్రాసికొనెను. ఒక పటమును తిరిగి చేయుటకు వ్యవధి చాలక, దానిని పరీక్షకుల ఎదుట నల్లబల్లపై సుద్దముక్కతో గీసి చూపెను. పరీక్షలో నెగ్గినది, మమ్ము ఒక్క మాటయు అనలేదు. ఆ అనకపోవుటయే మమ్ము ఎక్కువగా బాధించెను. అప్పటినుండి ఈ యంత్రముల నిద్రను గూర్చి తెలిసికొనుటకు పూనుకొంటిమి.

కంప్యూటరు మెలకువను, నిద్రను నిర్ణయించు నియమావళి యొకటి కలదు. దానికి ఏసీపీఐ అని పేరు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి 1996 డిసెంబరులో దానిని వెలువరించినవి. అందు ఎస్ అను అక్షరమునకు అంకెలు చేర్చి యంత్రపు అవస్థలను చెప్పుదురు. ఎస్0 అనగా మెలకువ. ఎస్3 అనగా నిద్ర. అప్పుడు లెక్కలు చేయు ప్రాసెసరు ఆగిపోవును; మనము చేయుచున్న పనిని గుర్తుంచుకొను జ్ఞాపకశక్తికి మాత్రము కొద్దిపాటి విద్యుత్తు అందుచుండును. ఎస్4 అనగా హైబర్నేషన్. ఇందు జ్ఞాపకమందున్న దంతయు డిస్కుపై వ్రాయబడి, యంత్రము ఆగిపోవును. ఎండిన చెరువు అడుగున బురదలో దాగి, తొలకరి చినుకు పడగనే లేచి వచ్చు కప్పవంటి స్థితి యిది. ఇక ఎస్5 అనగా పూర్తిగా కట్టివేయుట.

ఎస్3 నిద్రలో నున్న యంత్రము సాధారణముగా వేడెక్కదు. కాని కాలము మారినది. చేతిలోని ఫోను మీట నొక్కినంతనే మేల్కొనుట చూచిన జనులు, కంప్యూటరు కూడ అట్లే మేల్కొనవలెనని కోరిరి. 2012లో వచ్చిన విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై అనియు, 2015లో వచ్చిన విండోస్ 10తో మోడర్న్ స్టాండ్‌బై అనియు ఒక క్రొత్త నిద్ర ప్రవేశించెను. ఇది నిజమునకు ఎస్0లోని ఒక భాగమే. అనగా మెలకువలోనే కనులు మూసికొని యుండుట. మన వారు కోడికునుకు అందురే, అది యిదియే. తెర ఆరును, ప్రాసెసరు బహుకొద్ది శక్తితో కునుకు తీయును, నడుమ నడుమ కన్ను తెరచి ఉత్తరములు వచ్చినవా, క్రొత్త సవరణలు దిగుమతి కావలసినవి యున్నవా యని చూచుకొనును. అన్నియు సక్రమముగా నడచినంతకాలము దీనివలన బాధ లేదు. కాని ఏ ఒక్క పనియో ముగియక పట్టుకొని కూర్చున్నచో, యంత్రము మరల కన్ను మూయదు. ఇటీవలి లాప్‌టాపులు పెక్కింటిలో పాత ఎస్3 నిద్రయే లేకుండ పోయినది.

మా యింటి యంత్రము విషయమున జరిగినది మరియొకటి. మూత మూసియుంచి పెద్ద తెరపై పని చేసికొనుటకై, మూత మూసినను ఏమియు చేయవలదని మా మేనకోడలు పూర్వమే ఆజ్ఞ నిచ్చియుండెను. అది మాకు తెలియదు. తొందరలో ఆమెకు గుర్తు రాలేదు. యంత్రము ఆమె ఆజ్ఞను శిరసావహించి, చీరల మడతలలో రాత్రియంతయు మేలుకొని యుండెను.

మేలుకొన్న యంత్రము సంచిలో నుండిన నేమగును? ఒక చిన్న లెక్క చూతము. సామాన్యమైన లాప్‌టాప్ బ్యాటరీలో 50 వాట్-గంటల శక్తి యుండు ననుకొందము. యంత్రము 10 వాట్ల చొప్పున ఖర్చు చేసినచో అది 5 గంటలలో వ్యయమగును. ఆ శక్తియంతయు తుదకు వేడిగనే మారును. 50 వాట్-గంటల వేడి యనగా, నష్టమేమియు లేనిచో, అర లీటరు నీటిని 30 డిగ్రీలనుండి మరుగు స్థితికి తెచ్చుటకు చాలును. బల్లపై నున్నప్పుడు పంకా ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి నెట్టును. సంచిలో స్పాంజి గాలిని అడ్డగించును. వెడలిన వేడిగాలినే పంకా మరల లోనికి పీల్చుకొనును. ఇక చీరల సంగతి చెప్పనేల? చలికాలమున బొంత కప్పుకొనుటకు ఏది కారణమో, ఇచ్చట అదియే అపకారము.

అంత మాత్రమున ప్రతి సంచియు అంటుకొనునని భయపడ నక్కరలేదు. వేడి సుమారు 100 డిగ్రీలను సమీపించినప్పుడు ప్రాసెసరు తన వేగమును తగ్గించుకొనును. మితి మీరినచో యంత్రము తనంత తానే ఆగిపోవును. కాని బ్యాటరీకి అంత ఓర్పు లేదు. 1991లో విపణికి వచ్చిన లిథియం-అయాన్ బ్యాటరీయే నేటి లాప్‌టాపులన్నింట నున్నది. వేడి దానికి పరమశత్రువు. ఒక్కొక్క వేడి రాత్రి దాని ఆయుర్దాయములో కొంత హరించును. కొన్నిటిలో లోపల వాయువు పుట్టి బ్యాటరీ ఉబ్బును. మూత సరిగా మూసికొనకున్నను, అడుగుభాగము బల్లపై సమముగా నిలువకున్నను, ఉబ్బినదేమో యని అనుమానింపవలెను. అట్టిదానిని నొక్కరాదు, గ్రుచ్చరాదు, ఛార్జి చేయరాదు. తెలిసిన మరమ్మతుదారునికి చూపవలెను.

సంచిలోని యంత్రము మేల్కొనుటకు ఇతర కారణములును కలవు. తీగ లేని మౌస్‌కు చెందిన చిన్న బుడిపెను యంత్రమునకే ఉంచి, మౌస్‌ను కూడ అదే సంచిలో వేసినచో, కుదుపునకు మౌస్ కదలి యంత్రమును లేపవచ్చును. మూత మూసిన సంగతి అనేక యంత్రములకు ఒక చిన్న అయస్కాంతము వలన తెలియును. ఎడ్విన్ హాల్ 1879లో కనుగొనిన ధర్మమే దీనికి మూలము. పుస్తకముల ఒత్తిడికి మూత కొంచెము తెరచుకొన్నచో, యజమాని వచ్చెనని యంత్రము భ్రమపడును.

ఇక చేయవలసిన దేమి? మేము మా యింట అమలు పరచిన నియమములను మనవి చేయుదుము.

మొదటిది, లేచుటకు ముందు పనిని భద్రపరచుట. నిద్రలో నున్న యంత్రమునకు బ్యాటరీ అడుగంటినచో, భద్రపరచనిది మిగులునను నమ్మకము లేదు.

రెండవది, ఒక గదినుండి మరియొక గదికి మోయుటకైతే మూత మూసిన చాలును. సంచిలో పెట్టవలసి వచ్చినచో హైబర్నేట్ చేయవలెను, లేదా పూర్తిగా కట్టివేయవలెను. ఈ రెంటికిని నడుమ మార్గము లేదు.

మూడవది, ముందుగా ఛార్జరును, మౌస్ బుడిపెను తీసివేసి, తరువాతనే మూత మూయవలెను. దీపములు ఆరి, పంకా చప్పుడు ఆగువరకు ఒక నిమిషము నిలువవలెను. అటుపిమ్మటనే సంచి.

నాలుగవది, మూతకు ఇచ్చిన ఆజ్ఞను సరిచూచుకొనుట. విండోస్ యంత్రములలో కంట్రోల్ పానెల్ తెరచి, పవర్ ఆప్షన్స్ అను భాగమున మూత మూసిన నేమి చేయవలెనో నిర్ణయించు చోటు కలదు. అచ్చట బ్యాటరీపై నున్నప్పటికిని, కరెంటుపై నున్నప్పటికిని వేరువేరు వరుసలుండును. మేము రెంటిలోను హైబర్నేట్ అని యుంచితిమి. ఆ మాట పట్టికలో కనబడనిచో, పవర్ మీటల అమరిక గల పుటలో దానికి గుర్తు పెట్టుకొనవచ్చును. పెద్ద తెరతో పని చేయువారు మూత ఆజ్ఞను మార్చినచో, పని ముగియగనే మరల యథాస్థితికి తేవలెను.

యంత్రము ఏ నిద్ర ఎరుగునో తెలిసికొన గోరువారు కమాండ్ ప్రాంప్ట్ తెరచి, పవర్‌సీఎఫ్‌జీ అని వ్రాసి, ఖాళీ విడిచి, ఏటవాలు గీతయు ఏ అను ఆంగ్లాక్షరమును చేర్చి చూడవచ్చును. ఎస్3 ఉన్నదో, ఎస్0 కోడికునుకు మాత్రమే యున్నదో అది చెప్పును.

హైబర్నేట్ చేసిన యంత్రము లేచుటకు ఆలస్యమగునని కొందరు విసుగుకొందురు. నిజమే, కునుకునుండి లేచుటకు రెండు క్షణములు పట్టిన, దీనికి అర నిమిషము పట్టవచ్చును. ప్రతిమారు డిస్కుపై వ్రాయుటవలన అది అరుగునేమో యని మరికొందరి శంక. సామాన్య గృహస్థుని వాడుకకు నేటి డిస్కులు చాలకాలము నిలుచును. ఆ చింత పెట్టుకొన నక్కరలేదు. అర నిమిషము ఓపిక, ఒక బ్యాటరీ వెలకంటె చౌక గదా!

విమానమున పోవువారికి ఇది ఇష్టము కాదు, విధి. లాప్‌టాప్‌ను చేతిసంచిలోనే తీసికొనిపోవుట మేలు. సరకుల గదికి అప్పగించు పెట్టెలో నుంచవలసి వచ్చినచో, దానిని పూర్తిగా కట్టివేయవలెనని నియమము. బ్యాటరీ 100 వాట్-గంటలు మించినచో విమాన సంస్థ అనుమతి కావలెను. 160 మించినదానికి ప్రయాణికుల సామానులో చోటు లేదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పినను, ఒకనాడు సంచి వేడెక్కియుండుట జరుగవచ్చును. అప్పుడు కంగారుపడి యంత్రమును ఫ్రిజ్‌లో పెట్టరాదు, తడిగుడ్డ కప్పరాదు, లోపల చెమ్మ చేరి వేడికంటె ఎక్కువ కీడు చేయును. సంచినుండి తీసి, పవర్ మీటను పది క్షణములు నొక్కి పట్టి ఆపివేసి, పరుపుపై గాక గచ్చు నేలపై నుంచవలెను. పూర్తిగా చల్లారిన పిదపనే ఛార్జరు తగిలింపవలెను. పొగ గాని, ఘాటైన వాసన గాని వచ్చినచో దూరముగా తొలగి, ఇంటివారిని బయటికి పంపి, అగ్నిమాపక దళమునకు కబురు పెట్టవలెను.

నిద్రయనునది ఆరిపోవుట కాదని మన ఇల్లాండ్రు పొయ్యి చెంత తరతరములుగా ఎరిగిన సత్యము. యంత్రము మారినదిగాని ఆ సత్యము మారలేదు. మా మేనకోడలు ఇప్పుడు వేరొక ఊర ఉద్యోగము చేయుచున్నది. సెలవులకు వచ్చి తిరిగి పోవునప్పుడు సామాను సర్దు పని నేటికిని మాదే. ఆటో ఎక్కుటకు ముందు ఆమె వెనుదిరిగి నవ్వుచు, "నిప్పు ఆర్పారా, మామయ్యా?" అని యడుగును. మేము మరియొకమారు సంచిపై చేయి యుంచి, చల్లగా నున్నదని నిశ్చయించుకొని, ఆమె చేతికిత్తుము.