పాత మోటారు సైకిలు – చోకు తీగ

వైద్యునకు రోగి నాలుక యెట్టిదో, మోటారు సైకిలు బాగుచేయువానికి పొగగొట్టము అట్టిది. తెల్లనిపొగ తేమను, నీలిపొగ నూనె కాలుటను, నల్లపొగ పెట్రోలు మితిమీరుటను తెలుపును. ఈ మూడు రంగులను వేరుపరచి చూడనందువలన మా యింటి బుల్లెట్టు పాతసామాను వెలకు అమ్ముడుపోవలసినదే. ఆ గండమునుండి దానిని దాటించినది రెండుమూరల ఉక్కుతీగ. ఆ కథయు, ఆ తీగను మార్చు విధమును ఈ ప్రసంగమున మనవి చేయుదుము. పాత బండ్లు గలవారికి విధము పనికివచ్చును. లేనివారికి కథయైనను పనికిరావచ్చును.

మాది అంబాజీపేట. గౌతమీ వసిష్ఠల నడుమ కోనసీమలో, 2022లో ఏర్పడిన కొత్త జిల్లాకు కేంద్రమైన అమలాపురమునకు చేరువలో ఉన్నది. కొబ్బరి వర్తకమునకు పేరుబడిన ఊరు. దింపులు, ఒలుపులు, కురిడీల రాశులు, పీచు బస్తాలు – ఇవియే ఇక్కడి నిత్యవ్యవహారము. మా తండ్రిగారు తోటతోటకు తిరిగి కాయను కొనువారు. కాలువగట్ల మీదను, పుంతలలోను, పంటుమీద గోదావరి దాటించియు ఆయన నడిపిన బండి అది. 1960 దశకము చివరినాటిది. 346 ఘన సెంటీమీటర్ల యింజను. సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, ముషలము పోటు 90 మిల్లీమీటర్లు.

బుల్లెట్టు అను పేరు పుట్టినది ఇంగ్లండులో. మన సైన్యము ఈ బండ్లను సరిహద్దు కాపలాకై యెన్నుకొనినది. 1955లో మదరాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ యేర్పడి, తిరువొత్తియూరులో వీని నిర్మాణము సాగినది. పుట్టినింట తయారీ నిలిచిపోయినను మెట్టినింట నిలువలేదు. అందువలననే యిన్నేండ్ల తరువాతను ఈ బండికి కావలసిన భాగములు మనకు దొరకుచున్నవి.

తండ్రిగారు పోయిన తరువాత బండి చావడిలోనే యుండెను. నెలకొకసారి బయటికి తీసి నడుపుచుంటిమి. ఒక యేడు శ్రావణమాసపు వానలు వెలిసిన పిమ్మట తీయగా, దాని స్వభావము మారియున్నది. నెమ్మదిగా నడుచునంతసేపు బాగుగనే యుండును. పిడి తిప్పి వేగము హెచ్చించబోగానే ఉక్కిరిబిక్కిరియై దగ్గును, నల్లనిపొగ గ్రక్కును. పెట్రోలు ఖర్చు మున్నెన్నడును లేనంత పెరిగినది. రెండుమైళ్లు పోవునంతలో ప్లగ్గు మసిబారి ఇంజను ఆగిపోవుచుండెను.

పొరుగూరి మెకానికు ఒకడు వచ్చి చూచెను. పొగను చూచెను గాని దాని రంగును చూడలేదు. “రింగులు పోయాయండి. బోరు చేయించాలి. దీనికి అంత డబ్బు పోసేకంటే అమ్మేసుకోవడం మేలండి, ఆయ్!” అని తీర్పు చెప్పెను. కొనువారిని గూడ అతడే కుదిర్చెను. మరునాటి ఉదయము వారు వచ్చి బండిని తీసికొనిపోవలసి యుండెను. మా తల్లిగారు ఒక్కమాటయు అనలేదు. సాయంకాలము దీపము పెట్టిన తరువాత చావడిలోనికి పోయి, తడిగుడ్డతో ఆ బండి టాంకును తుడుచుచుండగా చూచితిమి. అప్పగింతలనాడు పిల్లకు తల దువ్వినట్లు తోచినది.

ఆ రాత్రి, ముప్పదియేండ్లు లారీ నడిపి విశ్రమించిన మా వీధి పెద్దాయన పలుకరింప వచ్చెను. మేము వరుసకు బాబాయిగారని పిలుచువారము. “ప్లగ్గు ఊడదీశావుట్రా అబ్బాయ్? ఏదీ, ఇటు పట్రా” అని దానిని వ్రేలితో రాచి చూచెను. “నూనె కాలితే తడిగా, జిగటగా ఉంటుంది. ఇది పొడి మసి, దీపం బుడ్డి మసిలాగ. రింగులు కావురా, గాలి చాలటంలేదు” అనెను. పిమ్మట హ్యాండిలుబారుమీది చిన్న లీవరును కదిపెను. అది బిగువులేక ఊగులాడుచుండెను. “చోకు తీగ తెగిపోయింది” అనెను. అంతే! ఆ లీవరును తాకి ఎన్నేండ్లయినదో మాకు గుర్తులేదు.

ఇక్కడ చోకు సంగతి కొంచెము విప్పి చెప్పవలెను. పెట్రోలు చక్కగా మండుటకు, తూకములో దానికి సుమారు 15 రెట్లు గాలి కావలయును. ఇంజను చల్లబడియున్నపుడు పెట్రోలు పూర్తిగా ఆవిరిగాక, లోహపు గోడలమీద చెమ్మవలె అంటుకొనును. అందుచేత తొలి కిక్కునకు గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచవలెను. మా బండికున్న అమాలు కార్బురేటరులో ఈ పనికై థ్రాటిలు ముషలములోనే ఇమిడిన ఒక గాలిపలక యున్నది. దానిని ఒక స్ప్రింగు ఎల్లప్పుడు క్రిందికి నెట్టుచుండును. తీగ పైకి లాగుచుండును. తీగ బిగువుగా నున్నచో గాలిదారి తెరచియుండును. తీగ వదులైనచో పలక దిగి గాలిదారి మూసికొనును. కనుక తీగ తెగిన నిమిషమునుండి చోకు శాశ్వతముగ వేసియుంచినట్లే. నెమ్మదిగా నడుచునపుడు థ్రాటిలు ముషలమే క్రిందికి దిగియుండును గనుక దోషము బయటపడదు. అది పైకి లేచినప్పుడు అడ్డుపలక మిగిలి, ఇంజను గొంతు నొక్కినట్లగును.

అన్ని బండ్లును ఇట్లే యుండవు. మికుని పద్ధతి కార్బురేటర్లలో ఇందుకు విరుద్ధము. అక్కడ తీగ లాగినప్పుడే అదనపు పెట్రోలు దారి తెరచుకొనును. తీగ తెగినచో స్ప్రింగు ఆ దారిని మూసివేయును. చలిపొద్దున బండి మొండికేయుట తప్ప వేరు నష్టము లేదు. ఒకే తీగ ఒక బండిలో తెగినచో పొగ, వేరొక బండిలో తెగినచో మౌనము. తన బండి యేజాతిదో తెలియనివాడు మందు వేయరాదు.

ఈ తీగ యేల తెగినది? లోన సన్నని ఉక్కుపోగులు పేనిన తీగ, వెలుపల చుట్టలుగా చుట్టిన ఉక్కుతొడుగు – దీనిని బౌడెను కేబులు అందురు. 1896లో ఎర్నెస్టు బౌడెను అను నాతడు దీనికి హక్కుపత్రము పొందెను. లోనితీగ లాగును, తొడుగు ఆ లాగుడుకు ఎదురునిలుచును. అందుచేత దారి యెంత వంకరయైనను లాగుడు చివరికి చేరును. కొబ్బరిపీచు తాడును ఎరిగినవారికి దీని మర్మము చెప్పనక్కరలేదు: పురిలో ఒక్కొక్క పోగు తెగుచున్నను తాడు పైకి బాగుగనే కనబడును. లీవరు కడ తొడుగునోట వానచినుకు దిగి లోపల నిలుచును. మా సీమలో సముద్రపుగాలి, కాలువల తేమ దానికి తోడు. ఇక్కడి వెచ్చదనములో చోకు అవసరము ధనుర్మాసపు వేకువలలో తప్ప అంతగా పడదు. కదలని తీగ త్రుప్పుపట్టి, తొడుగులోపలనే, కంటికి కనబడనిచోట తెగినది. వాడుకచే అరిగినది కాదు, వాడక చెడినది.

మరునాడు తెల్లవారకమునుపే పనికి పూనుకొంటిమి. కొనువారు వచ్చులోపల తేలవలెను గదా!

మొదట పెట్రోలు కొళాయి మూసితిమి. పాతతీగ పోవు దారిని జాగ్రత్తగా చూచుకొని, దాని కొనకు గట్టిదారము కట్టితిమి. పాతదానిని లాగినపుడు దారము ఆ దారిలోనే వచ్చును; ఆ దారముతోనే కొత్తది అదే దారిని నడచును. కార్బురేటరు మూతను బిగించిన వలయపు మరను చేతితో విప్పి, మూతను నిటారుగా పైకి లేపగా, థ్రాటిలు ముషలము, సూది, గాలిపలక అన్నియు కలిసి వచ్చినవి. సూది వంగెనా, బండి మరి సుఖపడదు. దానిని శుభ్రమైన గుడ్డలో చుట్టితిమి. తెరచిన నోటిని వేరొక గుడ్డతో కప్పితిమి. స్ప్రింగును పైకి నొక్కిపట్టి, పలక గాడినుండి తీగ చివరి ఇత్తడి బొడిపెను తప్పించితిమి. ఈ బొడిపెనే నిపులు అందురు.

తగిన తీగ అంగడిలో సిద్ధముగ దొరికినచో చిక్కులేదు. మాకు ఆ వేళ దొరకలేదు. బాబాయిగారు దాచిన తీగచుట్టను, తొడుగును తీసికొని, పాత్రలకు మాటు వేయు వృద్ధుని యింటికి పోయితిమి. తీగను కోయబోవుచోట ముందుగా మాటు పట్టించి, పిదప కోసెను. లేనిచో పోగులు చెదరిపోవును. నిపులు రంధ్రములో తీగను దూర్చి, కొన పోగులను కొబ్బరి పూత విచ్చినట్లు విడదీసెను. పెట్రోలుతో జిడ్డు తీసి, నవాసారము తాకించి, కరగిన మాటులో ముంచి తీసెను. తగరము, సీసము కలిసిన ఈ మాటు సుమారు 190 డిగ్రీలకే కరుగును; అంతకుమించి కాల్చరాదు. తీగపై నీలిరంగు పొడసూపెనా, ఉక్కు పదను పోయినట్లే. చివరకు సోడా కలిపిన వేడినీట కడిగెను. నవాసారము మిగిలిపోయినచో అదియే త్రుప్పునకు విత్తనము. ఈ పనికి ఆ ముదుసలి పైకము పుచ్చుకొనలేదు. “మీ నాన్నగారి బండికా బాబూ!” అని మాత్రము అనెను.

నూనె పోయుదగ్గర ఒక వింత జరిగినది. తీగను వ్రేలాడదీసి, పైకొనకు కాగితపు గరాటు కట్టి, క్రిందికొనలో బొట్టు కనబడువరకు నూనె పోయవలెను. మా యింటి కుర్రవాడు వంటింటికి పరుగెత్తి కొబ్బరినూనె సీసా తెచ్చెను. కొబ్బరిసీమలో వేరొక నూనె తోచునా! బాబాయిగారు నవ్వి, “ధనుర్మాసంలో మీ అమ్మ ఈ సీసాని ఎండలో పెడుతుంది, ఎందుకురా?” అని యడిగెను. నిజమే, సుమారు 24 డిగ్రీలకు దిగినచో కొబ్బరినూనె పేరుకొనును. చోకు కావలసినది సరిగా ఆ చలిపొద్దుననే. ఇంజను నూనె పలుచనిదే పోసితిమి.

కొత్తతీగను దారము వెంట నడిపి, ముషలపు గాడి లోని మేకుతో కలియునట్లు, సూది తన రంధ్రములో దిగునట్లు చూచుకొని మూత బిగించితిమి. లీవరు లాగినపుడు పలక పూర్తిగా పైకి లేచి గాలిదారికి అడ్డులేకుండవలెను. వదలినపుడు పూర్తిగా దిగవలెను. బండిని తన్నకమునుపే పిడిని తిప్పి వదలి, ముషలము టక్కున దిగుచున్నదో లేదో విని తీరవలెను. అది పైననే చిక్కుకొనినచో బండి మన మాట వినదు. ఇంజను నడచుచుండగా హ్యాండిలుబారును ఇరువైపులకు పూర్తిగా త్రిప్పిచూడవలెను. వేగము మారినచో తీగ ఎక్కడో బిగుసుకొన్నదని అర్థము. తీగ వేడి సిలిండరును తాకరాదు. టాంకు క్రింద నలుగరాదు.

ప్లగ్గు మసి దులిపి తన్నితిమి. రెండవ తన్నుకు ఇంజను అందుకొనినది. తొలుత పేరుకొన్న మసి కొంత వెడలినది, పిదప పొగలేదు. గన్నవరము దారిని కొంతదూరము పోయి వచ్చి ప్లగ్గు చూడగా గోధుమవన్నె తిరిగినది. అధికపు పెట్రోలు సిలిండరు గోడల నూనెను కడిగివేయును గనుక, ఇంజను నూనెను గూడ ఆనాడే మార్చితిమి. కొనువారు వచ్చి చప్పుడు విని, కాఫీ త్రాగి మరలిపోయిరి. ఇన్నాళ్లు ఆ పొగతోనే నడిపియుండినచో, మెకానికు చెప్పిన రింగులు నిజముగనే పోయియుండును!

ఒక హెచ్చరిక చేయకుండుట న్యాయము కాదు. చోకు తీగ తెగినచో పెట్రోలు పోవును; ముందుచక్రపు బ్రేకు తీగ తెగినచో ప్రాణము పోవును. మాటు వేయుట నేర్చుకొనువారు చోకు తీగతో నేర్చుకొనవచ్చును. బ్రేకునకును క్లచ్చికిని మాత్రము కర్మాగారమున తయారైన తీగనే వేయవలెను. దింపు తీయువాడు తాను కాళ్లకు తగిలించుకొను తాడును ప్రతిదినము చెట్టెక్కక మునుపు లాగి చూచుకొనును. నిన్న గట్టిగా నున్నదను ధైర్యముతో నేడు ఎక్కడు. రెండు చక్రములమీద పోవువారికిని ఆ నియమమే శ్రేయస్కరము.

2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమలునకు వచ్చిన భారత్ స్టేజి ఆరు నియమములతో, కొత్త మోటారు సైకిళ్లలో కార్బురేటరు దాదాపు కనుమరుగైనది. గాలికి, పెట్రోలుకు పాళ్లు కుదుర్చు పనిని ఇప్పుడొక చిన్న యంత్రగణకము చేయుచున్నది. అది మంచిదే. కాని చావళ్లలోను కొట్టములలోను పాత బండ్లు ఇంకను కలవు. వానికి కాలుష్య పరీక్షయు తప్పదు. నల్లపొగ గ్రక్కు బండి ఆ పరీక్షలో నెగ్గదు. అట్టి బండి కలవారు దానిని అమ్మకమునుపు ఒక్కసారి ఆ చిన్న లీవరును కదిపి చూడవలెనని మా మనవి.

మేమిపుడు ప్రతి ఆదివారము, చలియున్నను లేకున్నను, చోకు లీవరును పదిసార్లు లాగి వదలుచున్నాము. టాంకు తుడుచు పని మాత్రము మాకు దక్కలేదు. అది మా తల్లిగారిదే.